ఎరవు సొమ్ము

ఎరవు సొమ్ము బరువు చేటని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లికి పోవుచు పొరుగింటి కాసులపేరు అడిగి తెచ్చుకొన్నచో, అది మెడలో నున్నంతసేపును మనసు దానిమీదనే యుండును. "ఎప్పుడు చేయించితివమ్మా?" యని ఎవరైన నడిగినప్పుడు "మాది కాదు, వదినెగారిది" యని చెప్పినామెకు అవమానము లేదు. "మొన్ననే చేయించితిమి" యని బొంకినామెకే భయము. సొమ్ముల విషయమున మనకందరకు తెలిసిన ఈ మర్యాద, చదువు విషయమున నాకు తెలియకపోయెను. అది ఎట్లు తెలిసివచ్చినదో సోదరీమణులకు విన్నవించుచున్నాను.

నా మేనకోడలు గత సంవత్సరము విశ్వవిద్యాలయమున చేరినది. మా యింటి ఆడపిల్లలలో అంతదూరము చదువుటకు పోయినది అదియే మొదలు. దసరా సెలవులకు భావనపాడు వచ్చి, "అత్తా, మన ప్రాంతపు విశేషమొకటి తీసికొని వ్యాసము వ్రాసి తెమ్మన్నారు. నేను తేలినీలాపురము పక్షులను గూర్చి వ్రాయుదును" అనెను. రెండు దినములు ఫోనులో వెదకి, పది చోట్లనుండి పేరాలు ఏరి కూర్చినది. "మాటలు మార్చితిని గనుక ఇక దోషము లేదు" అని దాని ధైర్యము.

నేను బడికి పోక, మా నాయనగారి యొద్ద కావ్యములు చదువుకొన్నదానను. నా చదువు ఒక విశ్వవిద్యాలయమువారి కంట పడవలెనని నాకు వేడుక పుట్టెను. పిల్ల నిద్రించుచుండగా కలము పట్టి వ్యాసమంతయు తిరుగ వ్రాసితిని. పక్షులను సైబీరియా హిమసీమలనుండి యేటేట విచ్చేయు ఖేచరాతిథులని వర్ణించితిని. మరునాడు చదివి పిల్ల మురిసినది. నేను అంతకన్న మురిసితిని. బడిపంతులైన నా భర్తకు మాత్రము చూపలేదు. అది తప్పని లోలోపల నాకు అప్పుడే తెలిసియుండవలెను.

వ్యాసము మార్కులు లేక తిరిగివచ్చెను. అధ్యాపకురాలు అంచున మూడు ప్రశ్నలు వ్రాసిరట: ఇది నీవు చూచితివా? చదివితివా? చదివినచో ఎచ్చట? ఖేచరమనగా నేమని తరగతిలో నడుగగా పిల్ల నేల చూపులు చూచుచు నిలిచినదట. ఇంత జరిగినను అది నా పేరు చెప్పలేదు. నేను చేసిన పనికి అది తల వంచుకొన్నది. ఫోనులో దాని యేడ్పు విని నాకు ఆ రాత్రి అన్నము సయింపలేదు.

మావారికి అంతయు చెప్పితిని. ఆయన కోపింపలేదు. "ప్రక్కవాని పుస్తకము చూచి లెక్క చేసినవానిని చూచినప్పుడు నాకు కోపముకన్న విచారమెక్కువ. తనకు లెక్క రాదని తెలిసికొనుటకున్న దారి వాడు తానే మూసికొన్నాడు. ఇచ్చట పిల్ల దారిని నీవు మూసితివి" అనిరి.

సంక్రాంతికి పిల్ల వచ్చినప్పుడు, నౌపడా ఉప్పుమళ్ళ మీదుగా ఇద్దరమును తేలినీలాపురము పోయితిమి. ఊరి చెట్లనిండ గూడబాతులు, రంగుల కొంగలు. గూళ్ళలో పిల్లలు కేకలు వేయుచున్నవి. తల్లి గూడబాతు నోరు తెరచినంతనే పిల్ల తన తలనంతయు ఆ సంచిలో దూర్చి చేప తీసికొనుచున్నది. మేనకోడలు చాలసేపు చూచి, "అత్తా, ఇచ్చటనే గ్రుడ్లు పెట్టి, ఇచ్చటనే పిల్లలను పెంచుచున్నవి. మరి అతిథులెట్లగును? ఇది వీని పుట్టినిల్లు గదా!" అనెను.

ఇల్లు చేరి పక్షిశాస్త్ర గ్రంథములు చూచితిమి. చలికాలమున ఉత్తరదేశములనుండి మన తీరమునకు వచ్చు పక్షులు వేరే కలవు. కాని ఈ రెండు జాతులును భారతదేశమునను, దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశములలోను ఉండి గూళ్ళు కట్టునవి. సైబీరియా వీని దేశము కాదు. ఎవరో ఒకరు వ్రాసిరి, పదిమంది ఎత్తి వ్రాసికొనిరి. ఎచ్చటనుండి తెచ్చిరో ఒక్కరును చెప్పలేదు గనుక తప్పు పుట్టిన చోటు పట్టుకొనుటకు దారి లేకపోయెను. నేనును ఎందరు పిల్లలకో ఆ మాటయే చెప్పియుంటిని. మూలము చెప్పుట ఒకరి సొమ్ము ఒకరికి ఒప్పగించుట మాత్రమే కాదు. తప్పు దొరలినచో వెనుకకు నడచి దిద్దుకొనుటకు బాట నిలుపుట.

మాటలు మార్చినంతనే తనదగునా యను సంశయము మన శాస్త్రకారులకును కలిగినది. తొమ్మిదవ శతాబ్దమున ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున కవుల రచనలలోని పోలికలను మూడు విధములుగా చెప్పెను: అద్దములోని ప్రతిబింబము వంటిది, చిత్తరువు వంటిది, ఇద్దరు మనుష్యుల రూపసామ్యము వంటిది. మొదటి రెంటిని విడువుమనెను. మూడవదానికి తన ప్రాణము తనకున్నది గనుక దోషము లేదనెను. పిల్ల కూర్చినది చిత్తరువు. నేను దానికి రంగులు పూసితిని. ప్రాణము మాత్రము లేదు.

"మరి నన్నయ విడిచినదానిని ఎఱ్ఱన వ్రాయలేదా, అత్తా?" అని పిల్ల నన్ను పరిహసించినది. వ్రాసెను. నన్నయ రీతి కొంత తోచునట్లే వ్రాసెను. కాని అరణ్యపర్వశేషమును పూరించినది తానేయని పర్వాంతమున తానే చెప్పుకొనెను. మనము చెప్పలేదు. భేదమంతయు అచ్చటనే యున్నది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018లో చేసిన నిబంధనలలో సిద్ధాంతవ్యాసములందలి సామ్యమునకు శాతములు నిర్ణయించిరి. 10 శాతము వరకు శిక్ష లేదు. 10 దాటి 40 వరకైనచో ఆరు నెలలలోపల దిద్ది సమర్పింపవలెను. 40 దాటి 60 వరకైనచో ఒక సంవత్సరము సమర్పించు వీలు లేదు. 60 దాటినచో నమోదే రద్దగును. మూలము చెప్పి యెత్తి చూపిన మాటలు ఈ లెక్కలోనికి రావు. ఇది మంచిదే. కాని ఒక మేనత్త ప్రేమతో వ్రాసి యిచ్చినదానిని ఏ యంత్రము కొలువగలదు? బడి పిల్లల ప్రాజెక్టులు మనమే చేసి పంపుచున్న యిండ్లు ఎన్ని లేవు! ఆ అలవాటే పిల్లతో విశ్వవిద్యాలయము దాక పోవుచున్నది.

మేనకోడలు రెండవ వ్యాసము తానే వ్రాసినది. అది మొదటిదానిలో సగము లేదు. వాక్యములు అచ్చటచ్చట తడబడినవి. గూడబాతు కాన్పునకు పుట్టింటికి వచ్చిన ఆడుబిడ్డ వంటిదని వ్రాసినది. దిద్దుటకు నా చేయి దురదపెట్టినను దిద్దలేదు. చివర తాను చదివిన పుస్తకముల పేర్లు వరుసగా చెప్పి, తేలినీలాపురము పోయిన దినమును చెప్పి, వాని క్రింద "మొదటి వ్యాసములోని వాక్యములు మా అత్తవి, ఈ వ్యాసములోనివి నావి" అని చేర్చినది.

మార్కులు మధ్యరకముగా వచ్చినవి. నా పేరు ఉండవలసిన చోట ఉన్నది గనుక నాకు ఆ రాత్రి అన్నము సయించినది.