ఎండల సీమలో మంచు జాడలు

సిర్పూరు దాటి మహారాష్ట్రలో అడుగుపెట్టిన రైలు బల్లార్షా చేరేలోగా పలకరించే చిన్న స్టేషన్లలో విరూర్ వొకటి. యీ వూరున్న రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లాలో వుండేది. అంచేతనే యిక్కడ తెలుగు, మరాఠీ, గోండీ మూడూ చెవిన పడతాయి. చంద్రపూర్ జిల్లా ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. 46 డిగ్రీలు దాటిన మే నెలలు దీనికి కొత్త కావు. యిటువంటి చోట మంచును గురించి మాట్లాడితే పరిహాసమాడుతున్నామనుకుంటారు. కాని మంచుకూ రాయికీ గల సంబంధం తెలుసుకోవాలంటే మనకు యింతకన్న దగ్గరి చోటు లేదు.

విరూర్ నుంచి ఉత్తరంగా రాజురా చేరి, అక్కడినుంచి వాయవ్యంగా వెళితే పెన్‌గంగ వార్ధానదిలో కలిసే ప్రాంతానికి వస్తాము. ఆ దాపులనే, పెన్‌గంగ వొడ్డున ఇరై అనే వూరున్నది. చంద్రపూర్ పక్కన పారే ఇరై నది వేరు, యిది వేరు. యిక్కడి సున్నపురాతి బండ సానపట్టినట్టు నున్నగా వున్నదనీ, ఆ నునుపు మీద బారులు తీరిన గీతలున్నాయనీ ఫెడెన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 1875లో ప్రకటించాడు. ఆ బండమీద పరుచుకున్నది బంకమన్నులో పెద్దరాయీ చిన్నరాయీ కలగలిసిన పొర. నది అయితే రాళ్ళను యేరి, బరువైనవి వొకచోట, ఇసుక మరొకచోట పెడుతుంది. యేరకుండా అన్నిటినీ కలిపి కుమ్మరించేది మంచు. సుమారు 30 కోట్ల యేళ్ళ కిందట మన నేల దక్షిణ ధ్రువానికి దాపుల, గోండ్వానా అనే మహాఖండంలో భాగమై వుండేది. ఆ పేరు కూడా యీ గోండుల సీమనుంచి వెళ్ళినదే. అప్పుడు యిక్కడ మంచు కదిలింది. దాని అడుగున యిరుక్కున్న రాళ్ళే ఆ గీతలు గీశాయి.

మంచు రాళ్ళను అడుగునే కాదు, నెత్తిన కూడా మోస్తుంది. గంగోత్రి నుంచి సుమారు 18 కిలోమీటర్లు నడిచి గోముఖం చూసివచ్చిన మనవాళ్ళు వొక మాట అంటూ వుంటారు: “తెల్లని మంచు చూస్తామనుకున్నాము, తీరా వెళితే అంతా బూడిదరంగు రాళ్ళగుట్ట!” అది రాళ్ళగుట్ట కాదు, సుమారు 30 కిలోమీటర్ల పొడవున్న మంచునది కొస. పక్కకొండల చీలికలలో నీరు గడ్డకట్టి రాతిని పగలగొడుతుంది. ఆ రాళ్ళు జారి మంచుమీద పడతాయి. దిగువకు వచ్చి మంచు కరిగేకొద్దీ లోపల కూరుకున్న రాళ్ళు కూడా పైకి తేలతాయి.

యీ రాళ్ళదుప్పటి మంచుకు మేలా, కీడా? అది దాని మందాన్నిబట్టి వుంటుంది. తెల్లని మంచు ఎండను చాలామట్టుకు తిప్పికొడుతుంది. దానిమీద పలుచగా నల్లని దుమ్మో గులకరాళ్ళో పడితే అవి ఎండను పీల్చి, ఆ వేడిని వెంటనే మంచుకు అందిస్తాయి. మంచు మరింత త్వరగా కరుగుతుంది. అదే రాళ్ళు జానెడు మందాన పేరుకుంటే పగటి వేడి అడుగుకు దిగేలోపలే రాత్రి అయి, చాలావరకు తిరిగి గాలిలోకి పోతుంది. ఐసు దిమ్మెను ఊకలో పూడ్చి దాచినట్టే యిది. 1959లో గున్నార్ ఓస్త్రెమ్ స్వీడన్‌లోని వొక మంచునది మీద కొలతలు తీసి యీ సంగతిని చూపాడు. హద్దు రెండు మూడు సెంటీమీటర్లే.

అయితే హిమాలయాల మంచు క్షేమమే కదా అని గుండెమీద చెయ్యి వేసుకోవచ్చునా? 2011లో షెర్లర్, ఆయన సహచరులు 286 మంచునదుల లెక్క ప్రకటించారు. రాళ్ళు దట్టంగా కప్పిన వాటిలో అనేకం, 2000 నుంచి 2008 వరకు, కొస వెనక్కు జరగక వున్నచోటనే వున్నాయి. మరుసటి యేడు ఉపగ్రహ కొలతలతో వేరొక బృందం చూస్తే, రాళ్ళు కప్పినవి కూడా బోసి మంచుతో యించుమించు సమానంగా పలచబడుతున్నాయని తేలింది. కొస కదలదు, వొళ్ళు చిక్కిపోతుంది! దుప్పటికి చిరుగులుంటాయి మరి. అక్కడక్కడ మంచు నిట్టనిలువు గోడలై బయటపడుతుంది. గుంటలలో నీరు నిలుస్తుంది. ఆ గోడలూ గుంటలూ పక్కనున్న రాళ్ళ కింది మంచుకన్న యెన్నో రెట్లు వేగంగా కరుగుతాయి. పైగా యెగువనుంచి వచ్చే మంచు తగ్గిపోతున్నది. అంచేత మంచునది కొస యెక్కడున్నదో చూసి దాని ఆరోగ్యం చెప్పరాదు. ఆ గుంటలు కలిసి పెద్ద చెరువైతే, రాళ్ళగుట్టే దానికి గట్టు అవుతుంది. అటువంటి గట్టు తెగడమంటే యేమిటో 2023 అక్టోబరులో సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు పొంగినప్పుడు తీస్తా లోయవాసులు చూశారు.

యీ కథలో మన జిల్లాకు మరొక పాత్ర వున్నది. ఆ పాతకాలపు మంచు కరిగిపోయిన తరువాత యిక్కడ చిత్తడినేలల అడవులు పెరిగాయి. ఆ అడవులే రాజురా, బల్లార్షా చుట్టుపట్ల గనులలోని బొగ్గు. కింద సున్నపురాయి, నడుమ మంచు దించిన రాళ్ళు, పైన బొగ్గు: యిదీ వరుస. మంచు వెళ్ళిపోయాక పుట్టిన ఆ బొగ్గును తవ్వి కాలుస్తున్నాము. లోకమంతటి పొగతోబాటు ఆ పొగ కూడా నేడు గోముఖం గాలిని వేడెక్కిస్తున్నది. యీ గనులమీద మనవారి కుటుంబాలెన్నో బతుకుతున్నాయి. గనుల మాట వచ్చినప్పుడు కూలీని, మంచును రెండింటినీ తలచుకోవలసిందే. వొకదానిని మరచి రెండవదానిని గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇరైలో మంచు మోసుకొచ్చిన రాళ్ళు వున్నాయి, మంచు లేదు. గోముఖంలో యింకా రెండూ వున్నాయి. యాత్రకు వెళ్ళే పాఠకులు ఆ రాళ్ళగుట్టను చూసి నిరాశపడక, దాని కింద వున్నదేమిటో పిల్లలకు చెప్పవలెనని మా కోరిక.