కంపించే హృదయం – చూచే జ్యోతి

ఆ విశ్రాంత సంస్కృతోపాధ్యాయుడు ఒకనాడు సంధ్యావందనానికి కూర్చుండగా వక్షఃస్థలంలో పిడుగు పడినట్లయింది. జఠరికల లయ తప్పగా, చర్మం క్రింద అమర్చిన డీఫిబ్రిలేటర్ విద్యుదాఘాతమిచ్చి ఆయనను కాపాడింది. ప్రాణం నిలిచింది గాని ధైర్యం నిలువలేదు. నాటినుండి జపమాల చేతబట్టిన ప్రతిసారీ మనస్సు మంత్రాన్ని విడిచి గుండెచప్పుళ్లను లెక్కించసాగింది.

వైద్యుడైన మేనల్లుడు ఒకసారి వచ్చి, "మామయ్యా! షాక్ అవసరం లేకుండా వెలుతురుతోనే లయను సరిచేయాలని ప్రయోగాలు జరుగుతున్నాయి" అని వివరించాడు. క్లామిడోమోనాస్ అనే ఏకకణ హరిత శైవలంలో చానెల్‌రొడాప్సిన్ అనే ప్రోటీను ఉంటుంది. నీలికాంతి సోకగానే అది ద్వారంవలె తెరచుకొని అయాన్లను కణంలోనికి పంపుతుంది. దాని జన్యువును హృదయకణాలలో ప్రవేశపెడితే అవి కూడా కాంతికి స్పందిస్తాయి. 2010లో జర్మనీలోని బాన్ శాస్త్రజ్ఞులు చుంచెలుక హృదయాన్ని ఈ విధంగా కాంతితో నియంత్రించారు. 2016లో వారే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులతో కలిసి, చుంచెలుక గుండెలోని ప్రమాదకర లయభంగాన్ని ఒక సెకను కాంతితో శమింపజేశారు. మానవ హృదయభిత్తి మందమైనది. నీలికాంతి అంతలోతుకు చేరదు. ఎర్రని కాంతికి స్పందించే ప్రోటీను కావాలని కంప్యూటర్ నమూనాలు సూచించాయి. మానవులకు ఇది ఇంకా చికిత్సగా అందలేదు.

విన్నంతనే ఆయనకు బృహదారణ్యకంలోని జనక యాజ్ఞవల్క్య సంవాదం స్ఫురించింది. మనుష్యునికి జ్యోతి ఏదని జనకుడు ప్రశ్నించగా, సూర్యుడు, చంద్రుడు, అగ్ని, వాక్కు అని క్రమంగా చెప్పి, అవి అన్నీ అస్తమించినపుడు ఆత్మయే జ్యోతి అని మహర్షి ఉపదేశించాడు.

"మన ఋషులు దీనిని ఏనాడో చెప్పారు" అనబోయి ఆయన ఆగిపోయాడు. ప్రయోగశాలలోని కాంతి కంటికి కనబడేది, అది దృశ్యం. యాజ్ఞవల్క్యుడు చెప్పిన జ్యోతి ద్రష్ట. ఈ రెండింటినీ ఒకటి చేస్తే శాస్త్రానికీ అన్యాయమే, శ్రుతికీ అన్యాయమే.

ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టలేదు. నీలికాంతి దృశ్యమైతే, తాను లెక్కిస్తున్న గుండెచప్పుడు మాత్రం ఏమిటి? అదీ తెలియబడేదే కదా! దానిని అంటుకొని ఉన్న భయమూ తెలియబడేదే. లయ తప్పినది హృదయానికి. తప్పిందని తెలుసుకొన్న ఎరుకకు ఏ లయభంగమూ లేదు. ఇన్నేళ్లు శిష్యులకు బోధించిన వివేకం తన వక్షఃస్థలం వద్దకు వచ్చేసరికి మరుగుపడింది.

మరునాడు ఉదయం ఆయన మరల ఆసనంపై కూర్చున్నాడు. యంత్రం లోపలనే ఉంది. ఆఘాతం ఎప్పుడైనా రావచ్చు. గుండెచప్పుడు వినబడుతూనే ఉంది. ఆయన దానిని లెక్కించలేదు. వినబడనిచ్చి, జపం ప్రారంభించాడు.