ఫ్రిజ్‌లో నీళ్లు: లక్షణం నుంచి కారణం దాకా

మెయిన్స్ జవాబులు దిద్దించుకున్నవాళ్లకు బాగా తెలిసిన వ్యాఖ్య ఒకటుంది: "సమస్య రాశారు, పరిష్కారం రాశారు, మధ్యలో కారణం ఏది?" ఈ వారం వ్యాసానికి ఆ మధ్యభాగాన్నే తీసుకున్నాను. ఉదాహరణ పుస్తకంలోది కాదు, ఖరగ్‌పూర్ మలంచాలో మా ఇంటి ఫ్రిజ్.

రెండు తలుపుల ఫ్రాస్ట్-ఫ్రీ ఫ్రిజ్ అది. వానలు మొదలైనప్పటి నుంచి కూరగాయల డబ్బా కింద రోజూ నీళ్లు చేరేవి. పైనుంచి చుక్కలు పడి అమ్మ ఇన్సులిన్ అట్టపెట్టె నానిపోయింది. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఒకసారి గడ్డకడితే, కరిగిన తర్వాత కూడా వాడకూడదు. కాబట్టి గుడ్డపెట్టి తుడిచి ఊరుకునే విషయం కాదు. వచ్చిన మెకానిక్ తలుపు తీసి చూసి, "గ్యాస్ లీకవుతోంది, ఎక్కించాలి, మూడు వేలవుతుంది" అన్నాడు. నా టెస్ట్ సిరీస్ ఫీజుకని పక్కన పెట్టిన డబ్బులు సరిగ్గా అంతే. అమ్మ అవి తీసి ఇచ్చేయమంది.

పక్కింటి మావయ్య రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన అడిగింది ఒకటే ప్రశ్న: "ఒరే, గ్యాసు పోతే పైన ఐసెలగ కడతాదిరా?"

నిజమే. ఫ్రీజర్‌లో ఐసు గట్టిగానే కడుతోంది. గ్యాస్ తిరిగేది మూసి ఉన్న గొట్టాల్లో. అది లీకైతే గాల్లో కలిసిపోతుంది, చల్లదనం తగ్గుతుంది. అంతేగాని డబ్బా కింద నీళ్లుగా చేరదు. "నీరెలగొస్తాదో, ఎలగ బయటికి పోవాలో ముందు కాగితమ్మీద రాయి. ఎక్కడాగిపోనాదో అప్పుడు సూద్దాం" అన్నారు మావయ్య.

రాస్తే ఇలా వచ్చింది. నీరు గాలిలోంచి వస్తుంది. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి 5 డిగ్రీలకు చల్లబడితే 7 గ్రాములకు మించి పట్టుకోలేదు. మిగతా 17 గ్రాములు నీరుగానో మంచుగానో మారాల్సిందే. ఫ్రిజ్ లోపల 200 లీటర్ల గాలి ఉందనుకుంటే, తలుపు తీసి అది మొత్తం మారినప్పుడల్లా మూడున్నర గ్రాములు. రోజుకు 30 సార్లు తీస్తే దాదాపు 100 మిల్లీలీటర్లు. ఈ లెక్కన వానాకాలంలో ఫ్రిజ్‌లోకి నీరు చేరడం లోపమే కాదు, సహజం.

ఆ తేమ ఫ్రీజర్ వెనక పలక చాటున ఉండే కాయిల్ మీద మంచుగా పేరుకుంటుంది. కంప్రెసర్ కొన్ని గంటలు నడిచాక చిన్న హీటర్ వెలిగి ఆ మంచును కరిగిస్తుంది. కరిగిన నీరు కింది రంధ్రంలోంచి సన్నని గొట్టం ద్వారా వెనక కంప్రెసర్ దగ్గరున్న ట్రేలోకి దిగుతుంది. కంప్రెసర్ వేడికి ఆవిరైపోతుంది. ఇదీ దారి.

దారి తెలిస్తే అడగాల్సినవి మూడే ప్రశ్నలు. లోపలికి తేమ ఎక్కువగా వస్తోందా? హీటర్ మంచును కరిగించడం లేదా? కరిగిన నీరు బయటికి పోవడం లేదా?

వెనక ట్రే చూస్తే పొడిగా ఉంది. అంటే నీరు అక్కడికి చేరడం లేదు. ప్లగ్ తీసేసి, ఇన్సులిన్‌ను మావయ్య వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి, ఫ్రీజర్ వెనక పలక స్క్రూలు విప్పాం. కాయిల్ నిండా మంచు దిమ్మకట్టి ఉంటే హీటర్నో సెన్సర్నో అనుమానించాలి, అది మెకానిక్ పని. మాకు కాయిల్ దాదాపు శుభ్రంగానే ఉంది. కింద రంధ్రం దగ్గర మాత్రం ఐసు బిరడాలా బిగుసుకుంది. కరిగిన నీరు అక్కడ నిండి, పొంగి, కింది అరల్లోకి కారుతోంది.

కత్తితో పొడవకూడదు. గొట్టానికి చిల్లు పడితే అప్పుడు నిజంగానే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండే ఆర్-600ఏ అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువు. సూది తీసేసిన సిరంజితో గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పోయాం. కాసేపటికి వెనక ట్రేలో నీళ్లు పడిన చప్పుడు వినిపించింది. తర్వాత మొదటి ప్రశ్న కూడా వదల్లేదు. తలుపు రబ్బరుకీ బాడీకీ మధ్య కాగితం పెట్టి మూసి లాగితే, కింది మూల దగ్గర పట్టు లేకుండా జారి వచ్చింది. సబ్బునీళ్లతో రబ్బరు తుడిచాక పట్టింది. పది రోజులుగా డబ్బా కింద పొడిగా ఉంది. పలక విప్పే ధైర్యం లేనివాళ్లు మెకానిక్‌నే పిలవండి. కాకపోతే "డ్రెయిన్ మూసుకుపోయిందేమో ముందు చూడండి" అని చెప్పి పిలవండి.

ఇక మన సిలబస్‌కి వద్దాం. జీఎస్-3లో పట్టణ వరదల ప్రశ్నకు ఇవే మూడు ప్రశ్నలు వేసి చూడండి. 2005 జులై 26న ముంబై శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. పాత కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానకు కట్టినవి. దానికి సముద్రపు పోటు, చెత్తతోనూ ఆక్రమణలతోనూ ఇరుకైన మీఠీ నది తోడయ్యాయి. వచ్చిన నీరు ఎంత, కాలువల సామర్థ్యం ఎంత, బయటికి పోయే దారిలో అడ్డం ఏమిటి అని విడదీస్తే, ఏ పరిష్కారం దేనికో తేలుతుంది. పూడిక తీయడం ఒక్కటే 944 మిల్లీమీటర్లను ఆపదు. కొత్త పంపులు పెట్టినా పూడిక అలాగే ఉంటే లాభం లేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో పట్టణ వరదలకు విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. నదీ వరదలకూ వీటికీ కారణాలు వేరని గుర్తించడమే అందులో మొదటి మెట్టు.

ప్రిలిమ్స్‌కు కొన్ని అంశాలు: ఓజోన్ పొరకు హాని చేసే సీఎఫ్‌సీలపై మాంట్రియల్ ప్రోటోకాల్ 1987లో వచ్చింది. వాటి స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలు భూతాపాన్ని పెంచుతాయి కనుక 2016లో కిగాలి సవరణ చేశారు. భారత్ దాన్ని 2021లో ఆమోదించింది. వస్తువులు బాగుచేయించుకునే హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ ప్రారంభించింది.

మీరు చివరిగా రాసిన జవాబు ఒకటి తీయండి. పరిష్కారాల పేరాలో ఉన్న ప్రతి వాక్యం పక్కన, అది మూడు ప్రశ్నల్లో దేనికి జవాబో రాయండి. దేనికీ చెందని వాక్యం ఉంటే, అది చల్లబడుతున్న ఫ్రిజ్‌కి గ్యాస్ ఎక్కించమన్నట్టే. కొట్టేయండి.

సాధన ప్రశ్న: "పట్టణ వరదల్లో వాన పాత్ర ఎంత, పాలన పాత్ర ఎంత? ఒక నగరం ఉదాహరణతో విశ్లేషించండి." (250 పదాలు, 15 మార్కులు)