మూడు రోజుల ప్రయాణం

మా అమ్మకు ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె తన తండ్రిని చూడలేదు. ఆమె కడుపులో ఉండగానే ఆయన సైన్యంలో బర్మా వెళ్లాడు. 1944లో చనిపోయాడని తంతి వచ్చింది. ఇంట్లో ఆయన ఫోటో కూడా లేదు. దీపావళికి సూరత్‌లో మగ్గాలు ఆగుతాయి. ఆ సెలవుల్లో అమ్మను ఏదైనా యుద్ధ స్మారకం దగ్గరకు తీసుకువెళ్లాలని అమ్రోలిలో మా ఇంటిల్లిపాదీ అనుకున్నాం.

ఎక్కడికి వెళ్లాలి? ప్రపంచ యుద్ధం అనగానే మనకు ఐరోపా గుర్తుకు వస్తుంది. కాని రెండవ ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. చనిపోయినవారి పేర్లను 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ భద్రపరుస్తుంది. ఫోనులోనే వెతకవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మీరు వెతికేటప్పుడు ఒక్క సంగతి గమనించండి. సుబ్బయ్య అనే పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాసి ఉంటారు. అందుకని తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉంటే సరిచూసుకోవాలి.

తాతయ్య పేరు దొరికింది. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద ఉంది. సమాధి తెలియని సుమారు 27 వేల మంది పేర్లు అక్కడ చెక్కారు. కాని 2021 సైనిక తిరుగుబాటు తరవాత ఆ దేశంలో అంతర్యుద్ధం పెరిగింది. ముసలామెను అక్కడికి ఎలా తీసుకువెళ్తాం? నాగాలాండ్‌లోని కొహిమా మన దేశంలోదే. 1944లో జపాను సైన్యాన్ని అక్కడే ఆపారు. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అక్కడి స్మారకం మీద ఉన్నాయి. అయితే ఆ శ్మశానవాటిక కొండవాలున మెట్లుమెట్లుగా ఉంటుంది. అమ్మ మోకాళ్లు ఒప్పుకోవు.

చివరికి తెలుగునాడే ఖాయమైంది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ నుంచి విజయవాడ మీదుగా చెన్నై వెళ్తుంది. దీపావళికి సూరత్ స్టేషనులో జనం ఎంతమంది ఉంటారో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతుంది. ఆ ఉదయమే కింది బెర్తు అడగాలి.

విజయవాడలో బండి మారి తాడేపల్లిగూడెంలో దిగుతాం. ఆ మండలంలోనే మాధవరం ఉంది. దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండవదానికి వెయ్యిమందికి పైగా తమ ఊరి నుంచి వెళ్లారని అక్కడివారు చెబుతారు. పిల్లలకు మేజర్, కెప్టెన్ అని పేర్లు పెట్టుకున్న ఊరు అది! అక్కడ సైనికుల స్మారకం ఉంది.

"అందులో మా నాన్న పేరుంటుందా?" అని అమ్మ అడిగింది.

"ఉండదమ్మా. ఆయనది ఆ ఊరు కాదుగా."

"పోనీలే. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల మనుమలైనా ఉంటారు. ఏం చెప్పుకునేవారో అడుగుతాను."

తరవాత విశాఖపట్నం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఓడరేవు మీద బాంబులు వేశాయి. కాకినాడ మీద కూడా అదే రోజు దాడి జరిగింది. జనం ఊరు విడిచి పల్లెలకు పరుగెత్తారు. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు విశాఖ మ్యూజియంలో ఉంది. అదే బీచి రోడ్డులో ఉన్న జలాంతర్గామిని, విజయ స్మారకాన్ని చూసి ఇవే ప్రపంచ యుద్ధానివి అనుకునేవారున్నారు. విజయ స్మారకం 1971 యుద్ధానిది. జలాంతర్గామి కూడా ప్రపంచ యుద్ధం తరవాతదే.

చెన్నై కూడా చూడవచ్చు. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మను నౌక ఎమ్డెన్ ఆ నగరం మీద గుండ్లు పేల్చింది. హైకోర్టు గోడకు ఆ గుర్తుగా పలక ఉంది. నందంబాకంలో యుద్ధ శ్మశానవాటిక కూడా ఉంది. కాని మగ్గం ఆగిన రోజున మాకు కూలి ఉండదు. మూడు రోజుల్లో అన్నీ చూడాలంటే ఏదీ చూడలేం. చెన్నైని వదిలేశాం.

విశాఖలో మొదటి ఉదయం మ్యూజియం అని కాగితం మీద రాశాను. చదివి వినిపిస్తే అమ్మ ఒప్పుకోలేదు.

"ఆ సముద్రమే కదరా బర్మా దాకా ఉంది? ముందు అక్కడ నువ్వులూ నీళ్లూ వదలాలి. నాన్నకు కొడుకులు లేరు. కూతురి కొడుకువి, నువ్వే వదలాలి."

మ్యూజియాన్ని మధ్యాహ్నానికి మార్చాను. నువ్వులు ఇప్పుడే కొని సంచిలో పెట్టించింది.