తొమ్మిదవ అంశము

ప్రియమైన చదువరీ, మీరు ఎప్పుడైనను మీటింగులో కూర్చుంటిరా? కూర్చున్నయెడల ఈ మనుష్యులను తప్పక ఎరుగుదురు.

ఒకరు ఆలస్యముగా వచ్చి, "ఇంతవరకు ఏమైందండీ?" అని అడిగి, అయినదంతయు మరల మొదలుపెట్టింతురు. ఒకరు "రెండే ముక్కలు" అని లేచెదరు. ఆ రెండు ముక్కలకు అరగంట చాలదు. ఒకరు కునుకు తీయుచు తల ఊపుదురు. దానిని మనము అంగీకారముగా ఎంచుదుము. ఇంకొకరు లోపల నోరు మెదపక, వెలుపల వేపచెట్టు క్రింద సభ అంతయు తామే నడుపుదురు.

2012 జనవరిలో నేను కర్నూలు జిల్లాలో ఒక పల్లె బడిలో పంతులుగా ఉంటిని. ఒక శనివారము సాయంకాలము మా ఉపాధ్యాయుల మీటింగు జరిగెను. అంశములు 9. రెండవది కొత్త గది కట్టుట. ఆ కొలతలు, అంచనాలు మాలో ఎవరికిని అర్థము కాలేదు గనుక 5 నిమిషములలో "సరే" అంటిమి. మూడవది టీ డబ్బు. తలకు 30 రూపాయలా, 40 రూపాయలా? త్రాగనివారును ఇయ్యవలెనా? టీ అందరికిని తెలిసినదే గదా! ముప్పావు గంట పట్టెను.

ఇది మా బడి జబ్బు మాత్రమే అనుకొనకుడి. పార్కిన్సన్ అను ఆంగ్లేయ చరిత్రకారుడు 1957లో వెలువడిన తన పుస్తకములో ఒక కమిటీని కల్పించి వ్రాసెను. వారు అణు రియాక్టరు సంగతి రెండున్నర నిమిషములలో ముగించి, సైకిళ్ల షెడ్డు గూర్చి 45 నిమిషములు వాదించిరట!

మా తొమ్మిదవ అంశము ఆరవ తరగతి బాలిక. మూడు వారములుగా బడికి రాక, పత్తి చేలకు పోవుచున్నదని వినికిడి. 6 మొదలు 14 ఏండ్ల పిల్లలకు చదువు హక్కు అను చట్టము 2010 ఏప్రిల్ 1 నుండియే అమలులో నున్నది. కాని ఆమె పేరు చదువువేళకు సంచులు మా భుజములకెక్కెను. చివరి బస్సు హారను వినబడెను. "తరువాత చూడవలెను" అని పుస్తకములో వ్రాసి సంతకములు చేసితిమి.

సోమవారము నేను ఆ ఇంటికి పోతిని. తాళము వేసియుండెను. ప్రక్కింటి అవ్వ, "నిన్న పొద్దున్నే గుంటూరు మిరపకాయల కోతకు పొయినారు, అయ్యవారూ. శనివారం వచ్చింటే దొరుకుతుండిరి" అనెను.

చదువరీ, టీ డబ్బు గూర్చి ఆ దినమున అందరికంటె ఎక్కువ మాటలాడినది నేనే.

కాబట్టి గ్రామసభలోనైనను, పాల సొసైటీలోనైనను మీరు కూర్చున్నప్పుడు, ఆ గదిలో లేనివారి సంగతి ముందుగా తీయుడి. టీ సంగతి వేపచెట్టు క్రింద చూచుకొనవచ్చును.