పటము వ్రాసిన చేయి

గుడిముందు ధ్వజస్తంభముమీదికి పతాక యెక్కుచుండగా తలయెత్తి చేతులు జోడింపని తెలుగువాడు అరుదు. ఆ పతాకపై గరుత్మంతుని వ్రాసిన చేయి యెవరిదని అడిగినవాడు అంతకంటెను అరుదు. అట్టి చేతి నొకదానిని గూర్చియు, దానియెడల మేము చేసిన తప్పును గూర్చియు నేడు చదువరులతో ముచ్చటింపదలచితిమి. తప్పు పరులదైనచో వ్రాయుట సుకరము. తనదైనచో కలము మొరాయించును. అయినను వ్రాయక తీరదు.

మాది గుంటూరు, ఒంగోలు పట్టణముల నడుమనున్న నల్లరేగడి నేల. మాఘ ఫాల్గునములు వచ్చునప్పటికి పత్తితీతలు ముగియవచ్చును. కళ్లములలో మిరపకాయలు ఎర్రని తివాసులు పరచినట్లుండును. గాలి వీచినచో ఊరంతయు ఒక్కసారిగా తుమ్మును. సరిగా ఆ దినములలోనే మా ఇంటి తూర్పుగది తలుపులును కిటికీలును మూతపడును. ఏలయన ఆ గదిలో చెక్కచట్రమునకు బిగించిన పట్టుగుడ్డ యుండును. తడియారని రంగుపై మిరపధూళి పడరాదు. వ్రాయువారికి తుమ్మును రారాదు. ఆ గది మా అక్కగారిది. చిన్నతనముననే భర్తను కోల్పోయి, బిడ్డలు లేక, ఆమె మా ఇంటికి వచ్చి యిరువది యేండ్లకు పైబడినది.

బ్రహ్మోత్సవము మొదటిదినమున జరుగు ధ్వజారోహణమును ఎరుగనివారు లేరు. వైష్ణవాలయములందు గరుడుని, శివాలయములందు నందిని గుడ్డపై వ్రాసి, దానికి ప్రతిష్ఠచేసి, ఊరేగించి, మంత్రములతో స్తంభముమీదికి లాగుదురు. ఇది సకలదేవతలకు పంపెడి పిలుపు అని పెద్దలందురు. ఉత్సవము ముగిసిన పిమ్మట పటమును దింపుదురు. తిరుమలలో ఇది తొమ్మిదినాళ్ల పండుగ. మా సమీపమున మంగళగిరి నరసింహస్వామికి ఫాల్గునమున జరుగును. మన పల్లెలకు గుడ్డతోను రంగుతోను భక్తిని చాటుట క్రొత్తగాదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు తరలు ప్రభలను చూచినవారికి ఈ మాట చెప్పనక్కరలేదు. మొహరమునాడు పీర్లకు పట్టుగుడ్డలు కట్టునప్పుడు హిందువులును చేయి వేయుట మన యూళ్లలో మామూలే.

మా మాతామహులు పౌరోహిత్యముతోపాటు చుట్టుపట్ల గుళ్లకు ధ్వజపటములు వ్రాసియిచ్చెడివారు. ఆయన ప్రక్కన కూర్చుండి గిన్నెలు కడిగిన బాలిక మా అక్కగారు. మాకు అమరకోశము వల్లెవేయించిన తాతగారు ఆమెకు ఏమియు ఉపదేశింపలేదు, చూడనిచ్చిరి, అంతియే. మాకు నేర్పిన కోశములో సగము మరచితిమి. ఆమె చూచినదానిలో ఒక్క గీతయు మరువలేదు.

తాతగారు నూలుగుడ్డపై వ్రాసిరి. ఆ పద్ధతి శ్రీకాళహస్తి కలంకారీకి దగ్గరిది. గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో నానబెట్టి యెండబెట్టుదురు. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. చింతపుల్లల బొగ్గుతో మొదట రూపము గీయుదురు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లము, నీరు కుండలోపోసి మూడువారములు పులియబెట్టిన కసిములో వెదురుకలము ముంచి, ఆ గీతపై మరల గీయుదురు. కసిము తాకినచోట కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసి నల్లబడును. మన పూర్వులు వ్రాతసిరా చేసికొన్న విధమును ఇట్టిదే. ఈ విషయమును బడిలో రసాయనశాస్త్రము చెప్పునప్పుడు మేము వాడుకొనుచుందుము. ఆ పాఠమును మాకు నేర్పినది మా అక్కగారి కుండయేగాని కళాశాల కాదు.

అక్కగారు పట్టును ఎన్నుకొనిరి. పట్టుదారమునకు పురుగు పూసిన జిగురుండును. దానిని సబ్బునీట నుడికించి తీసినచో గుడ్డ బరువులో ఇంచుమించు నాలుగవవంతు తగ్గును. అంగడిలో దొరకు గుడ్డకు ఆ పని ముందే జరిగియుండును. అయినను ఆమె గోరువెచ్చని కుంకుడునీట మరల జాడించి, నీడపట్టున ఆరవేయుదురు. పత్తి పండు నేలపై నుండి పట్టేల యని మేము ఒకనాడు ఎత్తిపొడిచితిమి. "పట్టు దేవుడికోసము కాదు, రంగుకోసము. ఆ మెరుపు నూలులో రాదు నాయనా" అని ఆమె నవ్విరి. పట్టుపై పని కష్టము. ఒక్క చుక్క జారినచో అది ప్రాకిపోవును. తుడిచిన పోదు, చెరిపిన మాయదు. అందుచేత మొదట సన్నని గంజి పట్టించి, అంచునుండిగాక నడుమనుండి రంగు నింపుకొనుచు వత్తురు. ముడిచిన రెక్కలు, జోడించిన చేతులు, మెడలో సర్పములు, మొనదేలిన ముక్కు, అన్నియు ముగిసినపిదప కన్నులు. ఆ దినమున ఆమె తెల్లవారకమున్నే స్నానముచేసి, మాటలాడక కూర్చుందురు. ఇది వ్రతమా యని అడిగితిమి. "మాటలాడితే చేయి కదలును" అనిరి. భక్తియు పనితనమును వేరని తలచువారు ఆ మాటను ఆలోచింతురుగాక.

ఇట్టి పనులు ఇంటిగోడల నడుమ పుట్టి, గోడల నడుమనే అణగిపోవుట మన దేశమున కలదు. శ్రీకాళహస్తి కలంకారీయే గతశతాబ్ది మధ్యమునాటికి క్షీణించిపోవుచుండగా, కమలాదేవీ చట్టోపాధ్యాయగారి పూనికయు అఖిలభారత హస్తకళామండలి సాయమును దానిని నిలిపినవి. 1957లో అచట శిక్షణకేంద్రము వెలసినది. జొన్నలగడ్డ గురప్పసెట్టిగారికి 2008లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. నేడు ఆ పట్టణమున స్త్రీలు పెక్కుమంది కలము పట్టి జీవించుచున్నారు. పని చేయు చేతిని ఎవరో యొకరు గుర్తించినగాని ఆ పని నిలువదని దీనివలన తేలుచున్నది.

ఇక మా తప్పు. కొన్నియేండ్లక్రిందట మా యూరి కోవెలకు పటము కావలసివచ్చినది. పెద్దలు మాకు కబురుపెట్టిరి. మేము సంతోషముతో ఒప్పుకొంటిమి. ఒకాయన మాత్రము వీథిలో మమ్ము నాపి, మెల్లగా "పంతులుగారూ, శుభకార్యము గదా, సుమంగళిచేతనో కన్యచేతనో వ్రాయించెదరు గదా?" అనిరి. మేము ఉలికిపడితిమి. నోట సమాధానము సిద్ధముగనే యున్నది, శ్లోకములు సిద్ధముగనున్నవి, 1856నాటి వితంతువివాహ శాసనమును, 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు జరిపించిన మొదటి వితంతువివాహమును, 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణగారు గుంటూరున స్త్రీవిద్యకై నెలకొల్పిన శారదానికేతనమును మేము యేటేట పాఠముగా చెప్పువారమే. ఇంత సామగ్రి యుండియు మేము పలికినది యిది: "మా అమ్మాయి వ్రాయుచున్నది లెండి."

అక్కగారు నలువదినాళ్లు వ్రాసిరి. అమ్మాయి గిన్నెలు కడిగినది. ధ్వజారోహణమునాడు పటము ఎండలో విచ్చుకొని మెరయగా జనము జయజయధ్వానములు చేసిరి. పెద్దలు మా కుమార్తెను ముందుకు పిలిచి, రవికెలగుడ్డయు పండ్లును చేతబెట్టి దీవించిరి. అక్కగారు ఆడువారి వెనుకవరుసలో, స్తంభము చాటున నిలిచియుండిరి. గరుడునికి నివేదించిన పులగపుముద్దకై సంతానములేని స్త్రీలు చేయిచాచుచుండిరి. ఆ ముద్ద తిన్న బిడ్డలు కలుగుదురా యను ప్రశ్న వైద్యులకు విడిచెదము. ఆ గరుడునికి రూపమిచ్చిన స్త్రీ, తన నీడ ఆ ముద్దపై పడునేమో యని తొలగి నిలుచుటను మేము కన్నులార చూచితిమి. చూచి యూరకుంటిమి.

ఇల్లు చేరగనే మా కుమార్తె ఆ రవికెలగుడ్డను అత్తయ్య పాదములకడ నుంచి, మావైపు తిరిగి "నాన్నగారూ, బడిలో మీరు చెప్పు పంతులుగారి పాఠము పరీక్షకొరకేనా?" అని అడిగినది. అందులో కోపము లేదు, తెలిసికొనగోరిన పిల్లప్రశ్న. మేము పలుకలేకపోతిమి. అక్కగారే "పటము ఎగిరినది గదా, తల్లీ, చాలు. నాన్నగారిని ఏమియు అనకు" అని గుడ్డను మడిచి దానికే యిచ్చిరి.

ఆ రాత్రి మా మనస్సు మాకు ఒక వకీలును పంపినది. భక్తులు పేరు కోరుదురా? అమరావతిలో 2006లో దలైలామాగారు కాలచక్రపూజ జరిపినప్పుడు టిబెట్టువారి పటములను జనులు చూచియుందురు. పట్టుఅంచులు గట్టిన అట్టి పటములలో పెక్కింటిపై చిత్రకారుని పేరుండదు. పేరు విడుచుటయే పూజ. కనుక మేము చేసినది తప్పుగాదు. వాదము సొంపుగనే యున్నది. కాని తెల్లవారునప్పటికి దాని బొల్లితనము బయటపడినది. పేరు తానై విడుచుట వేరు. ఒకరు ఊడబెరుకుట వేరు. మొదటిది త్యాగము, రెండవది దొంగతనము. దోచినవాడు, దోపిడికి గురియైనవారి వైరాగ్యమును తనకు సాక్ష్యముగా తెచ్చుకొనరాదు. అంతేకాదు, మేము అక్కగారి పేరును దాచుటతో ఆగలేదు. వేరొకరి పేరు పెట్టితిమి. అది త్యాగమెట్లగును?

మా సహోపాధ్యాయులొకరు లూథరను సంఘమువారు. 1842లో గుంటూరు చేరిన హేయరు దొరగారినాటినుండి మా ప్రాంతమున పాతుకొన్న సంఘమది. బలిపీఠముపై పరచు వస్త్రము ఋతువునుబట్టి రంగు మారునట. శ్రమదినములకు ఊదా, పునరుత్థానపు పండుగకు తెలుపు. వారి మేనత్త వితంతువు. ఆ వస్త్రములపై కుట్టుపని ఆమెదే. ఆమె కుట్టిన వస్త్రమును పరచిన ఆదివారము ఆమె పేరు చెప్పి ప్రార్థించిరని ఆయన మామూలుమాటగా చెప్పిరి. మాకు అది మామూలుగా తోచలేదు. బెజవాడలో 1921లో గాంధీమహాత్మునికి జెండా సమర్పించిన పింగళి వెంకయ్యగారి పేర 2009లో తపాలాబిళ్ల వెలువడినది. జెండాకు మ్రొక్కు జాతి, దానిని తీర్చిన చేతికి మ్రొక్కుటలో అపచారమేమియు లేదు.

మరుసటియేడు పటమునకై కబురు వచ్చినప్పుడు మేము పెద్దల సభకు పోయి, నిరుడు పటము వ్రాసినది మా అక్కగారని, మేము అసత్యమాడితిమని చెప్పితిమి. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఒకరు శాంతిచేయింపవలెననిరి. ఒకరు "మీరు చెప్పకున్నను బాగుండెడిది" అనిరి. ఆ మాట మాకు తిట్టుకంటె బరువైనది. ఏలయన నిరుడు మా మనస్సు పలికినదియు అదియే. ఆ యేడు పట్టణపుటంగడినుండి అచ్చువేసిన పటమును తెచ్చి యెత్తిరి. అక్కగారు వ్రాయనారంభించిన పటము మా తూర్పుగదిలోనే, కన్నులు లేకయే నిలిచిపోయినది. నిజము చెప్పుటవలన మేము ఆమె చేతిపనిని ఊరికి దూరము చేసితిమేమో యను దిగులు మమ్ము ఏడాది బాధించినది. సంస్కారము పేర ఇతరుల రొట్టెను పణముపెట్టువారిలో మేమును చేరితిమా? ఈ ప్రశ్న అక్కగారినే అడిగితిమి. "ఒకయేడు చేయి ఊరకున్నది. అబద్ధపు పటముక్రింద నిలిచిన యేడు కంటె ఇది తేలిక" అనిరి.

మూడవయేట అచ్చుపటము కొనబోవుచుండగా కోవెల అర్చకులు, చిన్నవయస్సువారు, తామే మా ఇంటికి వచ్చిరి. తూర్పుగదిలోని అసంపూర్ణపటముముందు చాలసేపు నిలిచిరి. "అమ్మా, కన్నులు ఎప్పుడు తెరిపింతురు?" అని అక్కగారినే నేరుగా అడిగిరి. ఆయన పెద్దలతో ఏమి పలికిరో మేము వినలేదు; ఇద్దరు ఒప్పుకొనలేదని, తక్కినవారు ఊరకుండిరని మాత్రము తెలిసినది. ధ్వజారోహణమునాడు పటము వ్రాసినవారి పేరు గోత్రములతో సంకల్పమునందు వినబడినది. ఒప్పుకొనని యిద్దరిలో ఒకరు ఉత్సవమునకు రాలేదు. రెండవవారు వచ్చి, చేతులు జోడించి, పటమునే చూచుచుండిరి. ఊరు మారినదని మేము చెప్పజాలము. పెండ్లిపందిళ్లలో అక్కగారు నేటికిని వెనుకవరుసలోనే కూర్చుందురు. ఒక్క పేరు ఒక్కసారి వినబడినది, అంతియే.

చదువరులలో కొందరు, ఇంత వ్రాసియు ఆమె పేరు ఇచట వ్రాయలేదేమని అడుగవచ్చును. వ్రాతప్రతిని ఆమెకు చదివి వినిపించితిమి. పేరున్నచోట ఆమె వ్రేలుపెట్టి "ఇది తీసివేయుము. ఊరిలో చెప్పవలసినది చెప్పితివి. పత్రికలో నాకేమి పని?" అనిరి. మేము కొట్టివేసితిమి. ఈసారి అడిగి కొట్టివేసితిమి.