పొగకు దారి

ఇంటికి మరొక గది కలుపుకోవాలని అనుకొన్నప్పుడు మనము మొదట స్థలము చూస్తాము, తర్వాత డబ్బు లెక్క చూస్తాము. వంటింటి పొగ ఇప్పుడు ఎటు పోతున్నది, రేపు ఎటు పోవాలి అన్న ప్రశ్న చాలామందికి గోడలు లేచిన తర్వాత గాని తట్టదు. మా విడపనకల్లులో మేము గది వేసుకొన్నప్పుడు ఈ ప్రశ్న ముగ్గు పోయకముందే వచ్చింది. వారము రోజులు ఇంట్లో అదే మాట. ఆ వారములో తెలుసుకొన్న సంగతులు మన గ్రామాలలోని గృహిణులకు పనికి వస్తాయని వ్రాస్తున్నాను.

మాది పాత మట్టి మిద్దె. రాతి గోడలు, కొయ్య దూలాలు, బండలు పరచి చవుడు పోసిన కప్పు. చుట్టూ నల్లరేగడి చేలు. వాన వస్తే పప్పుశనగ, రాకపోతే అప్పు. పెద్దబ్బాయికి పెండ్లి కుదిరింది. కొత్త కోడలు అడుగుపెట్టే ఇంట్లో ఆ ఇద్దరికీ ఒక గదైనా వేరుగా ఉండాలి గదా! వంటింటికి తూర్పున పన్నెండడుగుల ఖాళీ ఉన్నది. వేరే చోటు లేదు. అయితే ఆ తూర్పు గోడలో నుండే మా పొయ్యి పొగగొట్టము బయటకు వెళ్తున్నది.

ఆ పొయ్యి మా అత్తమ్మది. రెండు కండ్ల మట్టి పొయ్యి. మొదటి కంటి మీద జొన్న రొట్టె, రెండవ కంటి మీద స్నానాల నీళ్ల బాన. మంట మొదటి కన్ను దాటి, రెండవ దానిని వేడిచేసి, మిగిలిన పొగ గొట్టములోకి పోతుంది. మాకు గ్యాసు లేక కాదు. టీకి, తాళింపుకు, చుట్టాలు వచ్చినప్పుడు వంటకు అదే. కాని రొట్టెలకు, ఇంటిల్లిపాది నీళ్లకు గ్యాసు కాల్చితే బండ ఎన్నాళ్లు వస్తుంది? కందికట్టె, పత్తికట్టె మా చేలలోనే దొరుకుతాయి.

ఈ పొగలేని పొయ్యికి మన తెలుగు నాట పెద్ద చరిత్రే ఉన్నది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయములో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు గారు పేద ఇండ్లకు సరిపడే పొగలేని పొయ్యిని తయారుచేశారు. లక్షలాది ఇండ్లకు పొగలేని వంటిల్లు కావాలంటూ దానిమీద ఆయన వ్రాసిన ఇంగ్లీషు పుస్తకమును 1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది. సువార్త పుస్తకాలు అచ్చువేసే సంస్థ పొయ్యి మీద పుస్తకము వేసిందంటే, స్త్రీల కండ్లమంట కూడా తమకు సంబంధించిన సంగతే అని ఆ పెద్దలు తలచారన్నమాట. తర్వాత 1980లలో కేంద్ర ప్రభుత్వము మెరుగైన పొయ్యిల పథకము పెట్టి ఊరూరా ఇటువంటివి కట్టించింది. అది 2002లో ముగిసింది. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము వచ్చి గ్యాసు పల్లెలకు చేరింది. అయినా పొగ మన ఇండ్లను విడిచిపోలేదు. ఇంటిలోపలి పొగ కారణముగా 2020లో లోకమంతటా 32 లక్షలమంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 2,37,000 మందికి పైగా అయిదేండ్లలోపు పసిపిల్లలు.

ఇక మా ఇంటి సంగతికి వస్తాను. మేస్త్రీ చూసి, "ఇందులో ఏముందమ్మా! గొట్టాన్ని అడ్డంగా తిప్పి, కొత్త గది కప్పు కింద నుంచి ఆ పక్క గోడలో బయటికి తీస్తా. ఒక పూట పని" అన్నాడు. మా ఇంటాయనకు ఆ మాట నచ్చింది. పొయ్యి కదలనక్కరలేదు, ఖర్చు తక్కువ.

మా చిన్నబ్బాయి ఐ.టి.ఐ. చదివినవాడు. వాడు ఒప్పుకోలేదు. "నాన్నా, పొగను పైకి లాగేది గొట్టములోని వేడి. వేడి గాలి తేలిక గనుక లేస్తుంది. ఎత్తు ఎంత ఉంటే అంత లాగుతుంది. పన్నెండడుగులు పడుకోబెడితే దారిలోనే చల్లారి, మసి పేరుకొని, పొగ తిరిగి అవ్వ మొగానికే కొడుతుంది. అంతకంటే భయం ఇంకొకటి. అతుకు వదిలితే పొగ అన్నావాళ్లు పడుకొనే గదిలోకి వస్తుంది" అన్నాడు.

ఈ మాటను చదువరులు గట్టిగా మనసులో పెట్టుకోవాలి. కట్టెలు, బొగ్గులు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అనే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములో ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమిస్తుంది. మొదట తలనొప్పి, తలతిప్పుడు, వాంతి. నిద్రలో ఉన్నవారికి ఆ గుర్తులు కూడా తెలియవు. తలుపులు మూసి పడుకొన్నవారు తెల్లవారేసరికి లేవకపోవచ్చు. పడకగది గుండా పొగగొట్టము తీయకూడదనుటకు ఇదొక్కటి చాలు.

రెండవ అడ్డు సందుకు అవతల నుండి వచ్చింది. తూర్పున ఉన్న పొరుగింటి అమ్మాయి తన బిడ్డను చంకన వేసుకొని వచ్చింది. "అక్కా, గది కట్టుకోండి, మాకు సంతోషమే. ఆ గొట్టము నోరు మాత్రము మా కిటికీకి పెట్టొద్దండి. పాపకు అసలే ఆయాసము" అన్నది. మా వైపు ఆషాఢములో పడమటి గాలి ఎట్లా వీస్తుందో తెలిసినవారికి ఆమె భయము అర్థమవుతుంది. ఇంతవరకు మా ఖాళీ స్థలము మీద చెదిరిపోయిన పొగ, గది లేచిన తర్వాత నేరుగా ఆ కిటికీలోకే పోతుంది. "మా గోడ, మా గొట్టము" అని మా ఇంటాయన అనబోయి ఆ పాప ఎగశ్వాస చూసి ఊరకున్నాడు.

"పొయ్యే తీసేద్దాము" అన్నాడు పెద్దబ్బాయి. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ పూట రొట్టెలు కూడా మాట్లాడకుండానే తట్టింది. చివరికి నాతో అన్నది: "తీసేస్తే తీసేయండమ్మా. యాడికో మార్చేదయితే మాత్రం నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టొద్దు. వాకిట్లోకి ఎవరొచ్చిందీ కనపడకుండా ఎట్ల కూర్చునేది?" డెబ్బై దాటిన మనిషికి ఆ పొయ్యి ముందు పీట వట్టి వంటచోటు కాదు. ఇంటిని కనిపెట్టుకొని ఉండే చోటు.

అప్పుడు గొట్టమును కాదు, పొయ్యినే మార్చుదామని అనుకొన్నాము. వంటింటి పడమటి మూలకు పొయ్యి, అక్కడ నుండి మిద్దె మీదికి నిటారుగా గొట్టము. కొత్త గది కప్పు పాత మిద్దెకంటె ఎత్తు. ఎత్తయిన గోడ పక్కనే గొట్టముంటే గాలి ఆ గోడకు తగిలి పొగను కిందికి తోస్తుంది. అందుచేత గోడకు దూరముగా, కొత్త కప్పుకంటె మూడడుగులు పైకి లేపి, వాన పడకుండా రేకు టోపీ పెట్టించాము. పొయ్యి నోరు దక్షిణానికి తిప్పితే అత్తమ్మ ఉత్తరముఖముగా కూర్చుంటుంది. ఎదురుగా వాకిలి. ఆమె పీట వేసుకొని కూర్చొని చూసి, "ఊ, కనపడుతుంది" అన్నది. ఆ తర్వాతే మేస్త్రీ చేతికి గునపము ఇచ్చాము.

ఇటువంటి పని పెట్టుకొనేవారు గమనించవలసినవి మరికొన్ని ఉన్నాయి. వేడి గొట్టము కొయ్య దూలానికి ఆనుకోరాదు. ఏండ్ల తరబడి కాగిన కొయ్య ఒకనాడు అంటుకొంటుంది. మేము రెండు దూలాల నడుమ ఒక బండ తీయించి, చుట్టూ జానెడు ఎడము విడిచి ఇటుక, మట్టి పెట్టించాము. మిద్దె పైన గొట్టము చుట్టూ గట్టు కట్టి, రేకు తొడుగు వేస్తే వాననీరు దిగదు. గొట్టము అడుగున మసి తీయడానికి మూత ఉండాలి. నెలకొకసారి తాడుకు గోనెపట్ట కట్టి పైనుండి లాగితే చాలు. పాత గొట్టాలు చాలావరకు ఆస్బెస్టాస్ సిమెంటువి. వాటిని పగులగొట్టరాదు, రంపము పెట్టరాదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులలో చేరితే ఎన్నో ఏండ్లకు గాని బయటపడని జబ్బులు తెస్తుంది. నీళ్లతో తడిపి, ముక్కు నోరు కట్టుకొని, పిల్లలను దూరముగా పంపి, ముక్కలు చేయకుండా విప్పాలి.

మరొక మాట. కొత్త గది వేస్తే పాత వంటింటి కిటికీ మూసుకొనిపోతుంది. లోనికి గాలి రానిదే గొట్టము పొగను బయటకు లాగలేదు. మేము పడమటి గోడలో కిటికీ, కప్పులో గవాచి పెట్టించాము. వీటన్నిటికి మేస్త్రీ చెప్పినదానికంటె నాలుగు రోజుల కూలి ఎక్కువయింది. ఆ డబ్బు కొరకు గది గచ్చుకు పాలిష్ బండలు మానుకొని మామూలు బండలు పరిపించాము. కోడలు ఇంతవరకు ఆ మాటే ఎత్తలేదు.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని మోషే ధర్మశాస్త్రము చెప్పుతుంది. ఎవరైనా పైనుండి పడితే ఆ దోషము ఇంటి మీదికి రాకూడదని దాని భావము. ఇల్లు మనది, పడేవాడు పొరుగువాడు కావచ్చు. పొగ సంగతి కూడా అంతే. మన పొయ్యిలో పుట్టిన పొగ ఎవరి కంట్లోకి, ఎవరి బిడ్డ ఊపిరిలోకి పోతున్నదో చూసుకొనడము కూడా ఇల్లు కట్టడములో భాగమే. గది కొలతలు వేసే రోజున ఒక్క నిమిషము వాకిట్లో నిలబడి గాలి ఎటు వీస్తున్నదో చూడండి. తర్వాత పొయ్యి ముందు కూర్చొనే మనిషిని, గోడకు అవతల ఉన్న మనిషిని అడగండి. ఆ మాటలకు ఖర్చేమీ కాదు.